కంకర గుట్ట మీద పడిన డ్రోన్

క్వారీలో అందరూ ఆమెను గద్దక్క అనేవారు. డ్రోన్ ఎగరేసి, కంకర గుట్టలను పైనుంచి ఫొటోలు తీసి, వాటితో కంప్యూటర్‌లో ఏ గుట్టలో ఎంత సరుకుందో లెక్కగట్టడం ఆమె పని. అంతకుముందు అదే కొలత కోసం కర్ర పట్టుకుని గుట్టలెక్కేది. ఒకసారి కాళ్ల కింద కంకర జారి నడుము దాకా కూరుకుపోతే తాడు వేసి లాగారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా డబ్బాలో పప్పు పోసినా ఆ చప్పుడుకు ఊపిరి బిగబట్టేది. డ్రోన్ వచ్చాక, ఇక ఎవరూ గుట్ట ఎక్కనక్కర్లేదని అందరికన్నా సంతోషించింది ఆమే.

అక్కడ లోడర్ నడిపేవాడు ఆమె మరిది. పని వెతుక్కుంటూ తిరుగుతుంటే తనే మాటసాయం చేసి క్వారీలో చేర్పించింది. వాడికేమైనా అయితే అత్తగారికి ఏం చెప్పుకోవాలన్న దిగులు ఆమెను వదిలేది కాదు.

నెలాఖరు కొలత రోజున ఉన్నట్టుండి గాలి తిరిగింది. డ్రోన్ తూలి, సన్న కంకర గుట్ట నెత్తిన కూలింది. ఆ గుట్టను ఒక పక్క కిందనుంచి తోడి లారీలకెత్తుతున్నారు. ఆ పక్క నిట్టనిలువుగా, ఎప్పుడు విరుగుతుందో తెలియకుండా ఉంది. సాయంత్రానికి లెక్క పంపాలి కదా అని మేనేజర్ గొణిగాడు. ఎలా దించాలా అని ఆమె ఆలోచిస్తుండగానే మరిది లోడర్ దిగి, వెనకవైపు నుంచి గుట్ట ఎక్కసాగాడు.

ఆమె అరవబోయి ఆగింది. అరిస్తే ఉలిక్కిపడి జారతాడేమో, ఊరుకుంటే ఇంకా పైకి పోతాడు. దగ్గరికి నడిచి, అన్నానికి పిలిచినట్టు మెల్లగా పిలిచింది.

"దిగిరా నాయనా."

"మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, నీ ప్రాణమంతా దీంట్లోనే కదా వదినా. ఒక్క నిమిషం."

అంతలోనే కంకర సరసరా జారింది. అతని కాళ్లు మోకాళ్ల దాకా దిగబడ్డాయి. లాక్కోబోతే ఇంకాస్త దిగబడ్డాయి.

"పెనుగులాడకు. వెనక్కి వాలి పడుకో. చేతులు బార్లా చాపు."

అతను వాలాడు. మేనేజర్ పరుగున తాడు తెచ్చి విసిరాడు. నలుగురూ కలిసి మెల్లగా కిందికి లాగారు. నేల మీదికి వచ్చాక కూడా ఆమె అతని చొక్కా వదల్లేదు. "అమ్మకు చెప్పకు వదినా" అన్నాడతను, బిక్కమొహంతో.

కొలత ఆలస్యమవుతుందని మేనేజరే పైవాళ్లకు ఫోన్ చేసి చెప్పుకున్నాడు. మర్నాడు పొడుగు చేతి యంత్రంతో గుట్టను పైనుంచి దించారు. డ్రోన్ ముక్కలై దొరికింది. ఫొటోలు దక్కాయి గానీ, కొలత సగంలోనే ఆగిపోయింది. కొత్తది వచ్చాక మళ్లీ మొదటినుంచి కొలవాల్సి వచ్చింది.

అత్తగారికి ఆమె చెప్పలేదు. చెప్పనందుకు చాలాకాలం మనసులో పీకుతూనే ఉండేది. డ్రోన్ ఎగిరేటప్పుడు ఎవరూ లోడర్ దిగకూడదని మేనేజర్‌తో ఆజ్ఞ వేయించింది. అయినా, రెక్కల చప్పుడు మొదలవగానే ఆమె కళ్లు ముందు ఆకాశం వైపు కాదు, లోడర్ క్యాబిన్ వైపే వెళ్లేవి.