నా గుండె ముప్పై ఆరు, నా గడియారం డెబ్భై రెండు

మొదటిసారి తేడా అనిపించింది ఒక మంగళవారం ఉదయం, రేణిగుంటలో నేను పనిచేసే గోడౌన్ మెట్ల మీద. పైనున్న ఆఫీసు గదికి పదకొండు మెట్లు. షిఫ్ట్ ఇన్‌ఛార్జిని కాబట్టి రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగుతాను. ఆ రోజు ఏడో మెట్టు దగ్గర కళ్ళకు చీకట్లు కమ్మాయి. కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. ఊపిరి అందడం లేదు. చదువుకున్నవాణ్ణి కాబట్టి కంగారు పడకుండా చేతికున్న స్మార్ట్‌వాచ్ చూసుకున్నాను. గుండె నిమిషానికి డెబ్భై రెండు. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. పక్కన పచ్చటి బొమ్మ ఒకటి నవ్వుతోంది. సరే, నాకేమీ కాలేదన్నమాట అనుకుని మిగతా నాలుగు మెట్లూ ఎక్కాను. ఆ నాలుగింటికీ ఎంతసేపు పట్టిందో గడియారం ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ గడియారం నేను కొన్నది కాదు. నా భార్య విజయ తమ్ముడు పలమనేరులో పశువుల దాణా అంగడి నడుపుతాడు. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని రెండు తెప్పించి, ఒకటి తను కట్టుకుని, ఒకటి నాకిచ్చాడు.

"బావా, ఇది సేతికుంటే డాక్టరు ఇంట్లో ఉండేటట్టే. బీపీ కూడా చెప్తాది సూడు" అన్నాడు.

బీపీ చూడాలంటే చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాలని నాకు తెలుసు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఆ చదువు ఆ రోజు నాతో లేదు.

ఉన్నమాట చెప్పాలి. స్క్రీన్ ఎండలో కూడా బాగా కనిపిస్తుంది. ఒకసారి ఛార్జింగ్ పెడితే వారం వస్తుంది. ఫోన్ మాట్లాడవచ్చు, అవతలివాళ్ళకు మనం బావిలో పడ్డామేమో అనిపించినా సరే. మనం ఆడితే లెక్కకట్టడానికి అందులో వందకు పైగా ఆటలున్నాయి, ఐస్ హాకీతో సహా. ఎండాకాలం తిరుపతిలో ఎవరైనా ఆడతారని పెట్టి ఉంటారు. గుళ్ళో భజనకు చప్పట్లు కొడితే నూట నలభై అడుగులు నడిచినట్టు చూపిస్తుంది. రేణిగుంట నుంచి తిరుపతిలో ఇంటికి బండి మీద వస్తే రెండు వేలు. రోడ్డు గుంతలన్నీ నా వ్యాయామం కింద జమ. ఆయాసంతో రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చున్న రాత్రులకు "గాఢ నిద్ర" అని ఎనభై ఆరు మార్కులు వేసింది. కాలేజీలో నాకెవరూ అంత ఉదారంగా వేయలేదు.

ఆన్‌లైన్‌లో దీనికి నాలుగున్నర స్టార్లు. ఇచ్చినవాళ్ళందరూ బతికున్నవాళ్ళే కదా.

మూడు వారాలు అలా గడిచాయి. పాదాలు కొంచెం వాచాయి. స్నానం చేసి తల తుడుచుకోవడానికి మధ్యలో ఒకసారి కూర్చోవలసి వచ్చేది. విజయ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె కంటికి ఏదీ తప్పిపోదు.

"ఏమయ్యా, అన్నం తినేదానికి కూడా రొప్పుతా ఉండావు. ఆస్పత్రికి పోదాం పా."

"నాకేముంది? ఇదో సూడు, డెబ్భై రెండు."

"మొన్నా డెబ్భై రెండే అన్నావు."

"ఒకేరకంగా ఉండాదంటే మంచిదే కదా."

"మెట్లెక్కినా డెబ్భై రెండు, పండుకున్నా డెబ్భై రెండు. అది గుండెనా, ఇంటి నంబరా?"

లెక్కల టీచరు అడిగిన ఆ ప్రశ్నకు ఫిజిక్సు పట్టా దగ్గర జవాబు లేదు. జవాబు లేని భర్తలు గొంతు పెంచుతారు. నేనూ పెంచాను. దానికీ ఆయాసం వచ్చింది.

నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కడం మా ఇద్దరి అలవాటు. ఈసారి బస్సులో పోదామని విజయ అంది. గడియారం ఏమీ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి నడిచే పోదామన్నాను. గాలిగోపురం ఇంకా చాలా పైన ఉండగానే పడిపోయాను. పడిన సంగతి నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి తల విజయ ఒళ్ళో ఉంది, ఎవరో ముఖాన నీళ్ళు చల్లుతున్నారు, చేతి మీద గడియారం గుర్రుమంటోంది. నేటి లక్ష్యం పూర్తి చేసినందుకు అభినందనలట.

నలుగురు తమిళ భక్తులు నన్ను మోసుకుంటూ కిందికి దించారు. దిగేటప్పుడు నేను వేసిన అడుగులు సున్నా. వాళ్ళు వేసినవన్నీ గడియారం నా పేరు మీద రాసుకుంది.

ఆస్పత్రి క్యాజువాలిటీలో ఈసీజీ తీశారు. డాక్టరమ్మ కాగితం ఒక్క క్షణం చూసి, నా ఎడమచెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"ముప్పై ఆరు. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉండాది?"

"ఇందులో డెబ్భై రెండు ఉంది మేడమ్" అని కుడిచెయ్యి చాపాను.

ఆమె గడియారాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూసింది. దాని కింద నా చర్మం లేదు. దారాలున్నాయి. నాది ఎడమచేతివాటం, అందుకని గడియారం కుడిచేతికి కడతాను. మగవాళ్ళం గుళ్ళో దారం కట్టించుకునేదీ కుడిచేతికే. ఆరేళ్ళుగా వ్రతాలకూ, మొక్కులకూ కట్టించుకున్న ఎర్రవీ పసుపువీ వేలెడు మందాన పేరుకుపోయాయి. వాటంతటవే తెగాలి గానీ మనం తెంచకూడదంటారు. అందుకే గడియారాన్ని భక్తిగా వాటి మీదే కట్టాను.

"దీని అడుగునుండే లైటు తోలుకు తగలాల కదప్పా. ఇన్ని దినాలూ దారాలకు పల్స్ సూసుకున్నావా?"

వెలుతురు దేన్ని దాటుతుందో, దేన్ని దాటదో రెండేళ్ళు చదివి పరీక్ష రాసినవాణ్ణి నేను. ఫస్ట్ క్లాస్ కూడా వచ్చింది. సిస్టర్ కత్తెర తెచ్చి ఆరేళ్ళ భక్తిని ఒక్క దెబ్బకు కత్తిరించి, అక్కడ సూది గుచ్చింది.

"కంప్లీట్ హార్ట్ బ్లాక్" అంది డాక్టరమ్మ, నాతో కాదు, విజయతో. "పై గదుల నుంచి కింది గదులకు కరెంటు పోవట్లేదమ్మా. ఇప్పుడు టెంపరరీ పేస్‌మేకర్ వేస్తాం, తర్వాత పర్మనెంట్ పెట్టాల్సిందే. ఇంగ కొన్నాళ్ళు ఇట్లే వదిలేసింటే నిద్రలోనే పొయ్యుండేవాడు."

విజయ నా గడియారాన్ని సంచిలో వేసుకుని, ఎక్కడ సంతకం పెట్టాలని అడిగింది. నాకు అప్పుడు భయం వేసింది.

మర్నాడు ఐసీయూలో తొడ దగ్గర నుంచి గుండెలోకి వైరు వేయించుకుని, కదలకుండా పడుకుని ఉన్నాను. డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చినప్పుడు విజయ అడిగింది.

"దారాలకు పల్స్ ఉండదు కదా మేడమ్. మరి ఆ డెబ్భై రెండు యాడి నుంచి వచ్చె?"

డాక్టరమ్మ గడియారాన్ని తీసుకుని సెలైన్ స్టాండు కమ్మీకి చుట్టింది. పచ్చలైటు కాసేపు మిణుకుమంది. డెబ్భై నాలుగు.

"స్టాండుకు మీ ఆయన కంటే రెండు ఎక్కువుండాది. బాగుండాది. డిశ్చార్జ్ చేసేయొచ్చు" అంది.

విజయ నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

మూడోరోజు పర్మనెంట్ పేస్‌మేకర్ పెట్టారు. ఎడమచేతివాటం కాబట్టి కుడివైపు, కాలర్ బోన్ కింద. ఆరు వారాలు కుడిచెయ్యి భుజం కంటే పైకి ఎత్తకూడదని డాక్టరమ్మ, సిస్టర్, విజయ విడివిడిగా చెప్పారు. అర్థమైందని ముగ్గురికీ తల ఊపాను. మర్నాడు ఉదయం వార్డు కిటికీలోంచి చూస్తే మబ్బు విడిపోయి కొండ మొత్తం కనిపించింది. నా చేతులు నన్నడగలేదు. రెండూ నెత్తి మీదికి వెళ్ళిపోయాయి. గోవిందా అని కూడా అన్నాను.

సాయంత్రానికి మళ్ళీ కళ్ళు తిరగడం మొదలైంది. ఎక్స్‌రే తీస్తే గుండెలో ఉండాల్సిన వైరు కొస జారి ఉంది. లీడ్ డిస్‌ప్లేస్‌మెంట్ అంటారట.

"చెయ్యి ఎత్తినావా?" అంది డాక్టరమ్మ.

"దండం పెట్టుకున్నాను మేడమ్."

"మనసులో పెట్టుకోగూడదా అప్పా? నీ గుండెలో స్వామి ఉండాడో లేదో నాకు తెలీదు గానీ, వైరు మాత్రం లేదు."

మళ్ళీ థియేటర్, మళ్ళీ కోత. ఈసారి చేతిని ఒంటికి కట్టేసి వార్డుకు పంపించారు. నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదు. సహజమే.

ఆ వారంలోనే మా బామ్మర్ది పాలకోవా పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. జరిగిందంతా విని అన్నాడు.

"బావా, దాన్ని అప్‌డేట్ చేసుకున్నావా? అప్‌డేట్ చేసుంటే కరెక్టుగా చూపించేదేమో."

"రేయ్, లేసి పోతావా, నీకు చేసేదా అప్‌డేట్?" అంది విజయ.

వాడు తన మణికట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గడియారం మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. గుండె అరవై కంటే తగ్గబోతే పేస్‌మేకర్ ఊరుకోదు. గోడౌన్ మెట్లు పదకొండూ ఆగకుండా ఎక్కుతున్నాను. కొండకు మాత్రం బస్సులోనే. మా గోడౌన్‌లో కొందరు, అన్నా, అట్లాంటి వాచీ కొనొచ్చా అని అడుగుతుంటారు. కొనొచ్చు. టైం సరిగ్గా చూపిస్తుంది. వానొస్తుందో లేదో కూడా చెబుతుంది, కిటికీ లేని ఇళ్ళవాళ్ళకు పనికొస్తుంది. గుండె సంగతి దాన్ని అడగకండి.

దానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. డిశ్చార్జ్ రోజు సిస్టర్ విజయకు నేర్పింది. బొటనవేలి మొదట్లో, మణికట్టు లోపలివైపు, రెండు వేళ్ళు ఆనించి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం కుదరదు. కూర్చుని ఉన్నప్పుడు యాభై కంటే తక్కువ వచ్చి, కళ్ళు తిరగడమో ఆయాసమో కూడా ఉంటే ఆ రోజే ఈసీజీ తీయించుకోవాలి. లెక్క బాగానే వచ్చినా, ఆయాసం ఉంటే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. రోజూ ఉదయం విజయ కళ్ళు మూసుకుని నా నాడి లెక్కపెడుతుంది. ఒకరోజు అరవై, ఒకరోజు అరవై ఎనిమిది, మొన్న డెబ్భై ఒకటి. మారుతూ ఉంటుంది.

మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా నీకేదో అయ్యిందయ్యా అంటే, నాలాగా మణికట్టు చూపించి వాదించకండి. ఆ చెయ్యి వాళ్ళకివ్వండి.