ఏకగ్రీవ దేశం

పోయిన వారం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వస్తుంటే శిరివెళ్ల దగ్గర ఒక ఫ్లెక్సీ కనపడింది. దండ వేసుకున్న పెద్దమనిషి బొమ్మ, కింద ‘ఏకగ్రీవంగా ఎన్నికైన’ అని పసుపు అక్షరాలు. పక్కసీటావిడ నిద్రలో ఉంది గనుక సరిపోయింది గానీ, లేకుంటే నాలో నేనే నవ్వుకోవడం చూసి ఏమనుకునేదో. ఆ మాట చదివితే నాకు భూమ్మీద లేని ఒక దేశం గుర్తుకొస్తుంది. దానికి రెండు నెలలపాటు ప్రధానమంత్రిగా వెలిగిన మా పెద్దనాయన గుర్తుకొస్తాడు.

అప్పుడు నంద్యాలలో నాకొక నెట్ సెంటర్ ఉండేది. ఇరుకు గది, నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. పెద్దనాయన శిరివెళ్ల పక్క పల్లెలో సేద్యం చేసేవాడు. టౌనుకు వచ్చినప్పుడల్లా నా దగ్గరికొచ్చి ఆ ఫ్యాను కింద కూర్చునేవాడు గానీ, రెండు వీధుల అవతలున్న మా ఇంటికి మాత్రం వచ్చేవాడు కాదు. తొంభైల్లో ఒక పంచాయతీ ఎన్నికలప్పుడు ఆయన్ని సర్పంచిగా ఏకగ్రీవం చేయాలని ఊరి పెద్దలు అనుకున్నారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి, చేతులు జోడించి అడిగాడు. తీరా చూస్తే సొంత తమ్ముడు, అంటే మా నాయనే, నామినేషన్ వేశాడు. గడువు దాటేదాకా వెనక్కి తీసుకోలేదు. ఓట్లు చీలి, అదను చూసి నామినేషన్ వేసిన మూడో మనిషి గెలిచాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, అచ్చం అట్లాగే. మేము నంద్యాలకు మారిపోయాం. అన్నదమ్ములకు మాటలు పోయాయి.

ఒక మధ్యాహ్నం ఆయన నా తెర మీద ఆట చూశాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఇంటర్నెట్టులో చేరి ఒక ఊహాదేశాన్ని నడుపుకునే ఆట అది. పార్టీలు, ఎన్నికలు, చట్టసభ అన్నీ ఉంటాయి. బొమ్మలుండవు, అంతా రాతే. కొట్లాటలు కూడా మాటలతోనే అని చెప్పాక ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అందులో సంప్రదాయ పార్టీ అని ఒకటి, నాయకుడు ఎటో వెళ్లిపోయి ఆరుగురు సభ్యులతో ఈసురోమంటూ ఉంది. నా పేరు మీద దాన్ని ఆయన చేపట్టాడు. ఆయన తెలుగులో చెప్పడం, నేను నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టడం. పారుతున్న కాలువను బాగుచేస్తామని తవ్వగూడదు అన్నది మా పార్టీ మొదటి సిద్ధాంతం. సభ్యులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాయించాడు. వానలు పడ్డాయా, ఇంట్లో అందరూ బాగున్నారా అని. మంచు దేశపాయన ఒకడు వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి పేజీన్నర రాశాడు. ఆముదం వెచ్చజేసి పట్టించమని పార్టీ తరఫున జవాబిచ్చాం.

ఆ దేశానికి పటం లేదు. వోల్టేజీ తగ్గి ఫ్యాను నింపాదిగా తిరిగే ఆ మధ్యాహ్నాల్లో, వీధి ఎండలో తేలుతున్నట్టు ఉండే వేళ, నేనే దాన్ని మనసులో కట్టుకునేదాన్ని. చుట్టూ జొన్నచేలు, తూర్పున నీలంగా నల్లమల, మధ్యలో తెల్లటి చట్టసభ. అరుగు మీద పెద్దనాయన. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ సభ మెట్లు నాకు కనిపిస్తాయి.

ఎన్నికలొచ్చాయి. ప్రతిపక్ష నాయకురాలు ఎక్కడో రిటైరైన పంతులమ్మ. రోజూ పెద్దనాయనతో వాదించేది. ఆయన ఆవిడకు రాయించిన ఉత్తరం నాకింకా గుర్తే. ఈసారి నాకు వదులు, వచ్చేసారి నీకు. నీ బడుల చట్టానికి మా ఓట్లన్నీ వేస్తాం. ఊరు రెండుగా చీలగూడదు అని. ఆవిడ ముచ్చటపడి తప్పుకుంది. పోటీ లేదు, పోలింగ్ లేదు. ఊళ్లో చేజారిన ఏకగ్రీవం అక్కడ దక్కింది. ఆ రోజు సెంటర్లో ఉన్నవాళ్లందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు. కళ్లు తుడుచుకుంటుంటే మిరపకాయ బజ్జీ వల్లనే అనుకున్నాను. అప్పుడు నాకు బుద్ధి తక్కువ.

తర్వాత సభ మూగబోయింది. వాదించడానికి ఏమీ మిగలక ఒక్కొక్కరే రావడం మానేశారు. నెల రోజులు ఎవరూ ఏమీ రాయకపోతే ఆ దేశాన్ని మూసేస్తామని ఆట నడిపేవాళ్ల నోటీసు కనపడింది. పెద్దనాయన కంగారుగా పంతులమ్మకు రాయించాడు, వచ్చి నా మీద నిలబడు, తప్పు నాదే అని. జవాబు రాలేదు. మా ఒక్క పేరు మీద రాసింది లెక్కలోకి రాదట. మేము చూస్తుండగానే పేజీ తెల్లబడింది. నా జొన్నచేలు, మెట్లు అన్నీ పోయాయి. నాకు ఏడుపొచ్చింది, ఒప్పుకుంటాను.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. “ఎదురు చెప్పేవాళ్లు లేకుంటే అది ఊరెట్లయితాది పాపా,” అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. “మీ నాయన ఇంట్లో ఉండాడా?”

రెండు వీధులూ ఆయన వెనకే నడిచాను. మా నాయన వసారాలో పేపరు చదువుతున్నాడు. తలెత్తి చూశాడు గానీ లేవలేదు, కూర్చోమనలేదు. పెద్దనాయన తనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన నీళ్లు పక్కన పెట్టి, కొట్లాటకు వచ్చినవాడిలాగే అడిగాడు.

“ఆ పొద్దు నామినేషన్ ఎందుకు ఎనక్కి తీసుకోలేదురా?”

నాయన పేపరు మడిచాడు. నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఊర్లో అన్ని గడపలూ ఎక్కినావు గదన్నా. నా గడప ఎందుకు ఎక్కలేదు?”

సొంత తమ్ముణ్ని అడిగేదేముందని అప్పట్లో అనుకున్నాడు పెద్దనాయన. ముఖం తెలియని పంతులమ్మను సైతం బతిమాలినవాడు, తమ్ముణ్ని కూడా అడగాలని మాత్రం అనుకోలేకపోయాడు. చివరికి గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. ఆ తర్వాత దీపాలు పెట్టే వేళదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు, అమ్మ వాళ్లకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ నెట్ సెంటర్ ఉన్నచోట మందుల షాపు ఉంది. అటు వెళ్లినప్పుడల్లా అక్కడి నుంచి మా పాత ఇంటిదాకా ఊరికే నడుస్తాను. మెల్లగా నడిచినా ఐదు నిమిషాలు పట్టదు. పెద్దనాయనకు తొమ్మిదేళ్లు పట్టింది.