ముచ్చికలు తీసిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో ఇంగ్లీషనేది కాన్వెంటు గోడల వెనక మాత్రమే పండుతుందని అందరికీ గట్టి నమ్మకం. (ఇప్పటికీ ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.) నాకు మాత్రం అది మిరప కల్లంలో పండింది. కనుచూపు మేర ఎర్రగా ఆరబోసిన కాయలు, వాటి మీద వణికే ఎండ, పాకలో ఆడవాళ్ళ కబుర్లు ఎక్కడో కలలోలా వినిపిస్తుంటే, మా మేనత్త పక్కన కూచుని తెల్లబారిన తాలుకాయలు ఏరేస్తూ, మంచికాయల ముచ్చికలు తుంచుతూ, అట్టలేని వ్యాకరణ పుస్తకాన్ని మోకాలి కింద తొక్కిపెట్టి చదువుకునేవాణ్ణి. మాటల తోకల్నీ ముచ్చికల్లాగే తుంచి చూసేవాణ్ణి. టీచర్‌లో 'అర్' తుంచితే టీచ్ మిగిలింది, బాగానే ఉంది. రివర్‌లో తుంచితే అర్థమున్నదేమీ మిగల్లేదు. కింగ్‌లో 'ఇంగ్' తుంచితే పాపం, రాజుగారికి ఒక్క అక్షరం దక్కింది. బిల్డింగ్ అయితే ఎన్నో మధ్యాహ్నాలు తినేసింది. ఒక పేజీలో అది నిలబడి ఉన్న మేడ, ఇంకో పేజీలో ఎవరో ఇంకా కడుతూనే ఉన్నారు. తోకను కాదు, వాక్యంలో మాట కూచున్న చోటును చూడాలని నాకు నేనే కనిపెట్టుకున్న రోజున, "అత్తా, దొరికింది" అన్నాను. "ఏందిరా, తాలుకాయా?" అంది అత్త తలెత్తకుండా.

పొన్నూరు వైపు ఒక చిన్న బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు కావాలన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే నన్ను లారీ క్లీనరుగా పెట్టడానికి నాన్న మాట్లాడేసి ఉన్నాడు. పొద్దున్నే కాసిన్ని ముచ్చికలు తీసి, ఆ చేతులతోనే బస్సెక్కాను. ఏ కాలేజీ అని అడిగారు హెడ్మాస్టరుగారు. కాలేజీ లేదని, ప్రైవేటుగా మెట్రిక్ గట్టెక్కానని చెప్పాను. ఆయన పెదవి విరిచి, "అయితే చెప్పు. బిల్డింగ్ నామవాచకమా, క్రియా?" అన్నారు.

అంత అందమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆనందంతో చెమటపట్టి ముఖం తుడుచుకున్నాను, కళ్ళతో సహా. ఇక ధారలు, వెక్కిళ్ళు. "వాక్యంలో..." అనబోతే మాట వెక్కిళ్ళలో కొట్టుకుపోయింది. ఆయన లేచొచ్చి భుజం తట్టారు.

"ఊరుకో నాయనా. రాకపోతే పోయింది. ఇంత ఆశ ఉన్నవాడివి నేర్చుకుంటావులే. సోమవారం వచ్చెయ్."

"ఏడవట్లేదండీ, మిరపకాయలండీ."

"అవునవును," అన్నారాయన, ఇంకా జాలిగా.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన ప్రతి మేష్టారికీ నేను ఏడ్చి ఉద్యోగం తెచ్చుకున్న కథ చెప్పారు. నేను జవాబు ఎత్తుకున్నప్పుడల్లా "తెలుసులే" అని నవ్వేసేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మధ్యాహ్నపు కునుకులో ఒక్కోసారి ఆ గదిలోనే నిలబడతాను. కళ్ళు పొడిగా ఉంటాయి, మాట ధారాళంగా వస్తుంది, జవాబంతా తీరిగ్గా చెప్పేస్తాను. ఆయన శ్రద్ధగా విని, "బాగుంది నాయనా, మరి ఆ రోజు ఎందుకేడ్చావు?" అంటారు. నవ్వుతూ మేలుకుంటాను.