డైరీలో లేని తిరుపతి

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు. ఆ ఏడు డిజైన్ కోర్సుకు రాత పరీక్ష తీసేశారు. ఇద్దరు కలిసి ఒక వస్తువు చేయాలి, ఏ రోజు ఎవరు ఏం చేశారో డైరీ రాయాలి, అది చూసి సార్ ఎవరి మార్కులు వాళ్లకు వేస్తారు. నా జోడీ తిరుపతి, వాడిది ఉట్నూర్ దగ్గరి పల్లె. పత్తి ఏరేవాళ్లకు నడుము లాగకుండా, బరువు భుజాల మీద పడే సంచి చేద్దామన్నది వాడే. కుట్టిందీ వాడే. పత్తి కాలంలో ఊరికి పోయి, వాళ్ల అవ్వకు కట్టి చూసి, ఎక్కడ ఒరుసుకుంటోందో, ఎక్కడ జారుతోందో ఫోన్లో చెప్పేవాడు. డైరీ నా దగ్గరుండేది. అదంతా నేనే చేసినట్టు రాసుకున్నాను. వాళ్ల అవ్వ పంపిన సకినాలు తింటూనే రాసుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఎందుకు? బద్ధకమని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. మొదట్లో సంచి ఆలోచన విని సార్ క్లాసులో వాడినొక్కడినే మెచ్చుకున్నారు, నాకు కుళ్లు పుట్టింది. ఇంత చిన్నదానికి మనిషిని ముంచుతారా? నేను ముంచాను.

వాడు ఫెయిలయ్యాడు. రాత పరీక్షే లేదు కనుక సప్లిమెంటరీ కూడా లేదు. మళ్లీ ఏడాది చదవాలి.

"డైరీల నా పేరే లేదేందిరా?" అన్నాడు.

"రాసుడు మర్చిపోయిన."

"గంతేనా? జర సార్‌కు చెప్పు. నువ్వు చెప్తే ఇంటడు."

వాణ్ణి సార్ గది బయట నిలబెట్టి లోపలికి వెళ్లాను. ఈ కొత్త మార్కుల పద్ధతి ఎలా ఉందని సార్ అడిగారు. పరీక్ష కంటే న్యాయంగా ఉంది సార్, అన్నాను. నిజం చెబితే నా మార్కులు పోతాయి కదా. బయటికొచ్చి, "చెప్పిన రా. ఆయన ఇనలే" అన్నాను.

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వైతే చెప్పినవ్ గదా, చాలు."

ఆ వారమే చదువు మానేశాడు. ఇప్పుడు ఉట్నూర్‌లో జీపు నడుపుతున్నాడు. నా పెళ్లికి వచ్చి, అందరికీ నన్ను చూపిస్తూ, "నా కోసం సార్‌తోని కొట్లాడిండు" అని చెప్పాడు. నేను నవ్వుతూ నిలబడ్డాను.

నేను కొట్లాడలేదు. లోపల వాడి పేరే ఎత్తలేదు.