కూలింగ్ కాయిల్‌కు వాలుగ దవడ

మా మేనత్త కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగిన తరువాత, కంటికి దుమ్ము సోకరాదనీ, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు కారు అద్దాలు దింపవద్దనీ వైద్యుడు గట్టిగా చెప్పాడు. అది మే నెల. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వరకు అద్దాలు మూసుకొని వెళ్ళాలంటే ఏసీ పనిచేయాలి. నా పంతొమ్మిదేళ్ళ కారులో అది పేరుకే ఉంది. ప్రయాణం మర్నాడే.

గరివిడి కర్మాగారంలో ఉద్యోగమంతా కొలిమి ఉష్ణోగ్రతలు నమోదు చేయడంలో గడిపినవాణ్ణి. ఏసీ వేసి, వెనుక సీటు మీద థర్మామీటరు ఉంచాను. అరగంట తరువాత కూడా ముప్పై మూడు డిగ్రీలు. గ్యాస్ తగ్గిందని తేల్చేశాను. గాలి ఎంత వస్తోందో చేయి పెట్టి చూడలేదు.

అత్తను పొందూరు నుంచి తీసుకువస్తూ, అరసవల్లి దారిలో మెకానిక్ వద్ద ఆగాను. అతడు గేజీ తగిలించి చూశాడు.

"గ్యాస్ తక్కువేటి సారూ? సరిగ్గా ఉన్నాది. రోగం పేరు మీరే సెప్పేస్తే మరి నానెందుకు?"

డాష్‌బోర్డు కింద బ్లోయర్ విప్పి దీపం వేశాడు. గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ ముఖమంతా మాసిన తెల్లని పొర. కొంత లాగి చూపించాడు. నల్లకళ్ళద్దాలతో బల్ల మీద కూర్చున్న అత్త దానిని వేళ్ళ మధ్య నలిపింది.

"ఒరే, ఇది కొండపత్తి. నాదేరా." ఆమె గొంతు తగ్గింది. "నీ బండి పాడు సేసింది నానేనేటి?"

"నువ్వు కాదత్తా, నానే."

నిజమే. వారం వారం ఆమె వడికే పత్తి మూటలను వెనుక సీటులో వేసుకొని వెళ్ళేవాణ్ణి. త్వరగా చల్లబడుతుందని, లోపలి గాలినే తిప్పే మీటను ఎప్పుడూ వేసి ఉంచేవాణ్ణి. ఈ కారులో ఆ గాలి వెళ్ళే దారిలో ఫిల్టరు లేదు. ఎగిరిన నూగంతా తడి కాయిల్ మీద అంటుకుంది.

మెకానిక్ ఇనుప బ్రష్ అందుకున్నాడు. కాగితమంత పలుచని అల్యూమినియం రేకులవి. రెండుసార్లు గీకేసరికి అత్త లేచింది.

"ఆగు! గేదిని తోముతన్నావేటి?"

సంచిలోంచి గుడ్డ చుట్టిన వాలుగ చేప దవడ తీసింది. నూలు వడికే ముందు పత్తి దువ్వేది దాని సన్నని పళ్ళతోనే. కన్ను మానేదాకా నూలు వడకవద్దని వైద్యుడు చెప్పినా, అది ఆమె వెంట ఉండవలసిందే.

"దీంతో దువ్వు. పైనుంచి కిందకి. పీకకు, రాలనీ."

"సేప నోటితో ఏసీ బాగుసేసేనంటే ఊరంతా నవ్వుతాది మామ్మా!"

"నవ్వనీ. నువ్వు దువ్వు."

నూగు కంట పడకుండా ఆమెను దూరంగా కూర్చోబెట్టాను. అక్కడినుంచే చప్పుడు వింటూ, "గట్టిగా నొక్కకు" అని రెండుసార్లు కేకేసింది. గంటలో పని ముగిసింది. ఒక్క రేకు వంగలేదు. ఇనుప బ్రష్‌కు పక్కకు పడుకున్నవి కొన్ని తిన్నగా అయ్యాయి కూడా.

మర్నాడు అద్దాలు మూసుకొనే వెళ్ళాము. కన్ను శుభ్రంగా ఉందని వైద్యుడు చెప్పాడు. తిరుగుదారిలో అత్త చీరకొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"ఒరే, సలేస్తంది. తగ్గించు."

తగ్గించాను. థర్మామీటరు చూడలేదు.