రాని తడికి ఒక చుక్క

ఆ ఆదివారం నేను కుర్చీలో కుదురుగా కూర్చున్నది తక్కువ. నిజామాబాద్‌లో మా అద్దె ఇల్లు మూడో అంతస్తు. మెట్లు దిగి చాయ్ తాగడం, పైకొచ్చి ల్యాప్‌టాప్ తెరవడం, తిట్టుకోవడం, మళ్లీ దిగడం. చివరికి చాయ్ బండి ఆమె నేను అడగకముందే గ్లాసు చేతికిచ్చింది.

దీనంతటికీ కారణం అన్న. బోధన్ అవతల, నిజాంసాగర్ కాలువ చిట్టచివర మా చెరకు తోట ఉంది. చెరకు కొట్టేశాక మొదళ్ల నుంచి మళ్లీ పిలకలు లేస్తున్నాయి. వాటిని ఉంచాలా, దున్నేసి తక్కువ నీళ్లకే పండే నువ్వులు చల్లాలా అన్నది తేల్చుకోవాలి. ఉంచితే ఎండాకాలమంతా కాలువ నీళ్లు తడులు తడులుగా అందాలి. చివర్లో ఒక్క తడి తప్పినా తోట ఎండుతుంది, అప్పటికి ఇంకో పంటకు అదను కూడా దాటిపోతుంది. దగ్గరి ఫ్యాక్టరీ మూతపడి, చెరకు ఎక్కడికో దూరం పంపాల్సి వచ్చినా మా నాన్న, బాపు, వదలని పంట అది. బాపు పోయాక అన్న కూడా వదల్లేదు.

పొద్దున్నే ఫోన్ చేసి, నీళ్ల లెక్క చూసి పెట్టమన్నాడు.

"పొద్దుగూకేవరకు దున్నే ట్రాక్టరాయనకు మాటియ్యాలె చెల్లె. నీ కంప్యూటర్ ఏమంటదో జర సూడు."

నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. మా ఇంట్లో వాళ్ల దృష్టిలో అది జాతకం చెప్పే పనికి ఒక మెట్టు పైన.

డ్యామ్ గేట్లు ఎత్తిన తేదీలు పేపర్లో వస్తాయి. నీళ్లు మా తోటకు చేరగానే అన్న "నీళ్లొచ్చినయ్" అని వాయిస్ మెసేజ్ పెడతాడు. కొన్నేళ్లుగా ఇదే అలవాటు. ఆ రెండింటి మధ్య పట్టిన రోజులే నా డేటా. పైథాన్‌లో కోడ్ రాసి వాటికి బొమ్మ గీయిస్తే, నీళ్లు మనం అనుకున్న తీరుగానే వస్తున్నప్పుడు చుక్కలన్నీ ఒక ఏటవాలు గీత మీద పడతాయి. లేకపోతే గీత వదిలి పక్కకు పోతాయి.

మొదట అందరూ వాడే, గంట ఆకారపు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌తో గీశాను. చుక్కలు సగం దాకా గీతను పట్టుకుని వచ్చి, తర్వాత పైకి లేచిపోయాయి. లేవక ఏం చేస్తాయి? ఎగువ పొలాల పైవాళ్లు కాలువలో మోటార్లు దించితే కింది తోటల గతి ఏమిటో ఆ గంట ఆకారానికేం తెలుసు? నాకు ఒళ్లు మండింది. మా కాలువకు మా కాలువ డిస్ట్రిబ్యూషనే కావాలి. పైథాన్ అందుకు ఒప్పుకుంటుంది. ఇంత సంభావ్యతకు ఎన్ని రోజులు అని అడిగితే జవాబిచ్చే ఒక్క ఫంక్షన్ రాసిస్తే చాలు, మన సొంత డిస్ట్రిబ్యూషన్‌తో బొమ్మ గీసిపెడుతుంది. పైవాళ్లు ఊరుకున్న తడులు ఒక గుట్ట, మోటార్లు పెట్టిన తడులు ఇంకో గుట్ట. రెండూ కలిపి రాశాను. ఎక్కడో బ్రాకెట్ తప్పింది. మళ్లీ కిందికి, చాయ్‌కి.

మధ్యాహ్నానికి చుక్కలు బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు గీత మీద నిలబడ్డాయి. ఆలస్యమైనా నీళ్లు వస్తాయి, తోట బతుకుతుంది అంటోంది బొమ్మ. సంతోషంగా ఫోన్ తీశాను కానీ నంబర్ నొక్కలేకపోయాను. మా కాలువలో నీళ్లు ఇంత బుద్ధిగా నడుచుకోవడం నేనెన్నడూ చూడలేదు. నా చిన్నప్పుడు బాపు నీళ్ల కోసం రోజంతా గట్టు మీద కూర్చుని వచ్చేవాడు. కొన్నిసార్లు వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. మేం అవ్వ అని పిలిచే అమ్మ కూడా అడిగేది కాదు, అన్నం పెట్టేది.

కోడ్ మొదటికి పోయి చూశాను. నేనే రాసిన ముక్క అక్కడ ఉంది: ఖాళీ గడులు తీసేయ్. గేట్లు ఎత్తినా అన్న నుంచి మెసేజ్ రాని తడులు అవి. పనిలో పడి మరిచిపోయి ఉంటాడనుకుని తీసి పారేశాను.

ఫోన్ చేసి వాటి సంగతి అడిగాను.

"గవి రాలే చెల్లె," అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"రాలేదని నోటితోని ఎట్లంటం? అట్లంటే వచ్చేటియి గూడ రావు."

మా ఇంట్లో ఆ మాట అనరని నాకు తెలియనిది కాదు. పుట్టి పెరిగిన ఇల్లే కదా. మంచి డేటా అంటే ఖాళీలు లేని డేటా అనుకునే చదువులో పడి ఆ సంగతే గుర్తు రాలేదు.

తీసేసిన తడులను మళ్లీ చేర్చాను. దాదాపు అన్నీ ఎండలు ముదిరిన రోజులవే. ఇప్పుడు నా ఫంక్షన్‌కు మూడో గుట్ట కావాలి, ఎన్ని రోజులైనా రాని నీళ్లకు. దానికి ఎన్ని రోజులని రాయను? అనంతం అని రాస్తే పైథాన్ బొమ్మ గీయనని మొండికేసింది. ఆ చుక్క పెట్టడానికి కాగితం మీద చోటు లేదు. ఏదో పెద్ద అంకె వేసి నడిపించొచ్చు, కానీ చేతులు రాలేదు. బొమ్మ లేకపోయినా విషయం తెలిసిపోయింది. ఎండాకాలం చివరి తడి మా దాకా రాకపోవడానికే అవకాశం ఎక్కువ.

గదిలో అటూ ఇటూ తిరిగాను. బాపు పెట్టిన తోటను దున్నమని నేను చెప్పాలా? ఏడుపొచ్చింది. పైవాళ్ల మోటార్ల మీద, నా చదువు మీద కోపం కూడా వచ్చింది. పొద్దు వాలుతుండగా అన్నే ఫోన్ చేశాడు.

"ఏమంటది చెల్లె?"

నీళ్లు రావు, దున్నేయ్ అని చెప్పాలి. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. అటు తోటలో గాలి చప్పుడు వినిపిస్తోంది. అన్న రెండోసారి అడగలేదు.

"సరే తియ్," అన్నాడు. "ట్రాక్టరాయన్ను రమ్మంట."