లక్ష్మణమ్మ గుడ్డల గది

రాజాంలో మంచి బొంత కావాలంటే లక్ష్మణమ్మ దగ్గరికి వెళ్ళాలి. అదే బొంత తొందరగా కావాలంటే మాత్రం ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఆవిడ దగ్గరికే వెళ్ళేవారు, ఎందుకంటే ఆవిడ కుట్టిన బొంత ఎన్నిసార్లు ఉతికినా లోపలి పొరలు ఉండకట్టేవి కావు. ఆడవాళ్ళు పాత చీరలు మూటకట్టి తెచ్చేవారు. లక్ష్మణమ్మ మూట విప్పి, గుడ్డను చెంపకు ఆనించుకుని చూసి, "బాగున్నాది. వేసంగి రానీ, కుట్టేస్తాను" అనేది. వేసంగి వచ్చేది, వెళ్ళేది. మూట గదిలోనే ఉండేది.

ఆవిడ బద్ధకస్తురాలని అనుకునేరు. కాదు. తెల్లారి లేస్తే చేతిలో సూది ఉండాల్సిందే. అసలు తంటా ఏమిటంటే మంచి గుడ్డ చేతికొస్తే ఆవిడకు కోయబుద్ధి అయ్యేది కాదు. దీనికి తగ్గ జోడీ దొరకనీ అని పక్కన పెట్టేది. జోడీ దొరికాక, ఈ రెండింటికీ తగ్గ అంచు దొరకనీ అనేది. అలా అలా నడిమింటి పక్కనున్న గది మూటలతో దూలాల దాకా నిండిపోయింది. ఆ గదికి తలుపుంది, కిటికీ ఉంది, గొళ్ళెం ఉంది. మనిషి కాలు పెట్టే చోటు మాత్రం లేదు.

మొగుడు పోతురాజు ధాన్యం కొట్లో కాటా వేసేవాడు. పొద్దున్నుంచి బస్తాల మధ్య నలిగి ఇంటికొస్తే ఇక్కడ మూటలు. "ఒసే, ఆ గదిలో ఏటున్నాదో నీకైనా తెలుసేటి?" అని అరిచేవాడు.

"తెలవకేటి మావా! కిటికీ కింద మూట ఎవులిదో అడుగు, సెప్తాను."

"నాకెందుకే ఎవులిదైతే! సత్తు గిన్నెలోడు వీధిలో తిరుగుతన్నాడు. ఇచ్చేస్తే ఇంటికి సరిపడా గిన్నెలొస్తాయి."

"నా గుడ్డలు గిన్నెలకిస్తానా? నోరు మూసుకుని బువ్వ తిను" అనేది లక్ష్మణమ్మ. అక్కడితో ఆ పూట తగువు తీరిపోయేది.

తీరనిది ఇంకొకటి ఉంది. వీళ్ళకు ఒక్కతే కూతురు, తాయారు. శృంగవరపుకోటలో ఇచ్చారు. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. దింపడానికి వియ్యపురాలు కూడా వచ్చింది. ఆవిడ కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా లేచి పక్కగది తలుపు తోసి చూసింది.

"పురిటి మంచం ఎక్కడేస్తారొదినా? మూటల మీదా?" అంది.

నడిమింట్లో వేస్తామని పోతురాజు ఏదో సర్దబోయాడు గాని, వచ్చేపోయే దారిలో పురుడేమిటని వియ్యపురాలు కోడల్ని వెంటబెట్టుకుని మళ్ళీ బస్సెక్కేసింది. లక్ష్మణమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో కూర్చుని, పుట్టబోయే బిడ్డకని బుల్లి బొంత ఒకటి కుట్టి శృంగవరపుకోటకు పంపింది. బిడ్డ పుట్టకముందు బిడ్డ పేరున గుడ్డ కుట్టకూడదని ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. ఆవిడకు తెలియదా? తెలుసు. అయినా కుట్టింది. బిడ్డ పుట్టాడు గాని నిలవలేదు.

ఎవరూ ఆవిడనొక్క మాట అనలేదు. అననక్కర్లేదు, ఆవిడే అనుకుంది. గది ఖాళీగా ఉండి పిల్ల నా చేతుల్లో పురుడు పోసుకునుంటే బతికేవాడేమో. ఆ బొంత కుట్టకపోయినా బతికేవాడేమో. ఈ రెండు మాటలూ ఆవిడ గుండెల్లో ముల్లులా ఉండిపోయాయి. ఇంకెవరి పిల్లలకూ బొంత కుట్టలేదు. అడిగినవాళ్ళ మూట పుచ్చుకుని గదిలో పడేసేది. దాంతో గది మరీ నిండింది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, మాఘమాసం వెళ్తుండగా అల్లుడు వచ్చాడు. తాయారుకు మళ్ళీ కడుపట, నాలుగు నెలలు నిండాయట. సంతోషంగా చెప్పి, ఆ పైన నసిగాడు.

"ఏడో నెలకి మాయమ్మే తీసుకొస్తాది అత్తా. గది సూసి, బాగుంటే దింపుతాదట. నేకపోతే..."

"నేకపోతే తీసుకెళ్ళిపోతాది. తెలిసింది బాబూ" అంది లక్ష్మణమ్మ.

అల్లుడు బస్సెక్కగానే కొంగు బిగించి గది తలుపు తీసింది.

ముందుగా మూటలన్నీ వసారాలోకి లాగి విప్పింది. మెత్తనివి ఒక కుప్ప, ముతకవి ఒక కుప్ప, అంచులు చించి మూడో కుప్ప. టెర్లిన్ గుడ్డ కనిపిస్తే చాలు, "సీ! సెమట పీల్సదు, సూది దిగదు" అని విసిరేసింది. రెండు గుంజలకు తాడు కట్టి, దాని మీద చీరలు రంగుల వారీగా ఆరేసింది, ఏది ఎక్కడుందో కూర్చున్నచోటి నుంచే కనిపించేటట్టు. వీధి అరుగంతా పేడతో అలికి, అక్కడ బొంత పరచడం మొదలెట్టింది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, మధ్యలో లక్ష్మణమ్మ. అంచు నుంచి లోపలికి, చుట్టూ తిరుగుతూ కుట్టు. దారం కూడా కొన్నది కాదు, ఆ పాత అంచుల్లోంచి లాగిందే.

ఆ వేసవి రాజాంలో వింత జరిగింది. బొంతలు తిరిగొచ్చాయి! ఎప్పుడో తొలి చూలప్పుడు చీరలిచ్చి మరిచిపోయిన మనిషికి, కోడలు నీళ్ళోసుకున్నాక బొంత చేరింది. ఎదురింటి గున్నమ్మ అయితే బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మ! లక్ష్మణమ్మొదిన బొంత ఇచ్చిందంటే ఈయేడు వానలు ఇరగదీస్తాయి!"

"నీది ఇంకా కుట్టనేదులే, నోరు సూసుకో" అంది లక్ష్మణమ్మ నవ్వుతూ.

ఇచ్చినవాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయిన గుడ్డలన్నీ అడిగినవాళ్ళకల్లా కుట్టి ఇచ్చేసింది. ముక్కలు తలగడల్లోకి, కడవల కింద చుట్టకుదుళ్ళలోకి, పీలికలు దీపాల వత్తుల్లోకి వెళ్ళిపోయాయి. పోతురాజు పాత పంచెలు కూడా మాయమయ్యాయి. ఆయన వెతుక్కుని వెతుక్కుని, కట్టుకున్నదాన్ని గట్టిగా పట్టుకుని తిరిగాడు.

గున్నమ్మ బొంత ఆఖరుది. దానికి ఒక పొర తక్కువైంది. గదిలో ఇంకేమీ లేదు, తన పెట్టె అడుగున తాయారు చిన్నప్పటి ఆకుపచ్చ పరికిణీ తప్ప. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ. లక్ష్మణమ్మ దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది. ఇంట్లో ఉంచుకుంటే, పుట్టబోయే బిడ్డకని దాచినట్టే అవుతుంది. చాకలికి ఇవ్వడానికి చేతులు రాలేదు. చివరికి కుట్లు విప్పి, వెడల్పుగా పరిచి, గున్నమ్మ బొంతలో పై చీర కింద వేసి కుట్టేసింది. ఎదురింట్లోనే ఉంటుంది కదా అనుకుంది.

వియ్యపురాలు వచ్చింది. మళ్ళీ కాళ్ళు కడుక్కుంది, మంచినీళ్ళు తాగింది, తలుపు తోసింది. సున్నం వేసిన గది, నులక మంచం, కిటికీలోంచి గాలి. మాట్లాడితే మాట తిరిగి వినిపించేంత ఖాళీ.

"ఇదేటొదినా, ఊడ్సేసినావు!" అంది వియ్యపురాలు. తాయారును దింపి, సాయంత్రం బస్సుకు ఒక్కతే వెళ్ళిపోయింది.

నెలలు దగ్గరపడుతుంటే గున్నమ్మ చెప్పింది: "వొదినా, నాలుగు పాత గుడ్డలు పక్కన పెట్టు. కాన్పంటే గుడ్డలు కావాల గదా."

"పెట్టను" అంది లక్ష్మణమ్మ. "ముందు నాను ఒకపాలి పెట్టేను, సాలు. ఈసారి ఒక్క పీలిక కూడా బిడ్డ పేరున ఈ ఇంట్లో ఉండదు."

నిజంగానే లేకుండా చేసింది. మసిగుడ్డతో సహా చాకలికిచ్చేసింది.

ఆషాఢంలో ముసురు పట్టింది. దండెం మీది బట్టలు ఆరడం లేదు. అలాంటి రోజున, మిట్టమధ్యాహ్నం తాయారుకు నొప్పులొచ్చాయి. మంత్రసాని అసిరమ్మ గొడుగేసుకుని వచ్చి గదిలోకి వెళ్ళి తలుపేసింది. పోతురాజు కాటా వదిలేసి వచ్చి వసారాలో అటూ ఇటూ తిరిగాడు. ఎంతోసేపు పట్టలేదు. కేరుమన్న ఏడుపు వినిపించింది.

"ఆడగుంట! మంచి గొంతు!" అని అరిచింది అసిరమ్మ. వెంటనే, "గుడ్డ తేవే లక్ష్మణమ్మా, పాత గుడ్డ! బేగి! గుంట సలికి వణికిపోతన్నాది!"

లక్ష్మణమ్మ నడిమింట్లోకి పరుగెత్తింది. వంటింట్లోకి పరుగెత్తింది. పెట్టె తీసింది. పెట్టెలో పట్టుచీర ఒకటి, జరీ గరగర. దండెం మీద తడి చీరలు. తన ఒంటి మీది చీర నీళ్ళ కాగుల దగ్గర తడిసి ముద్దయింది. నడవాలంటే గుడ్డ మీద కాలు పడే ఇంట్లో, చంటిపిల్లకు చుట్టడానికి పొడి పీలిక లేదు!

"ఇది సూడే" అని పోతురాజు గబగబా తన కొత్త చొక్కా అందించాడు.

"టెర్లిన్! నీ తెలివి తెల్లారినట్టే ఉంది మావా!" అంటూనే ఆవిడ ఏడుపందుకుంది. మళ్ళీ నా మూలానే, మళ్ళీ నా మూలానే అని తల బాదుకుంది. మొదటిసారి ఉంచి చంపుకున్నాను, ఈసారి ఉంచక చంపుకుంటానా అనుకుంది.

ఆ కేకలు ఎదురింట్లోంచి విని గున్నమ్మ వానలో పరుగున వచ్చింది, బొంతను గోనెసంచిలో చుట్టి గుండెకు హత్తుకుని. "నానింకా మడత కూడా ఇప్పనేదు. తీసుకో!"

బొంత బరువైనది, పురిటిబిడ్డ మీద కప్పితే ఊపిరాడదు. లక్ష్మణమ్మ ఒక్క క్షణం దాన్ని చూసింది. ఆ వేసవిలో కుట్టినవాటన్నిటిలో చక్కని కుట్టు అది. ఏ పొరలో ఏముందో ఆవిడకు తెలుసు. అంచు పళ్ళతో పట్టి దారం కొరికి, పర్రున లాగేసింది. పై చీర విడిపోయింది. దాని కింది ఆకుపచ్చ గుడ్డను బయటికి లాగి, విదిలించి, గదిలోకి పరుగెత్తింది.

అసిరమ్మ బిడ్డను అందులో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టింది. ఏడుపు తగ్గింది. పెదవులకు ఎరుపు వచ్చింది. బయట గున్నమ్మ, చిరిగిన బొంతను పోతురాజుకు చూపిస్తూ, "అన్నయ్యా, మరి నాది మళ్ళీ ఎప్పుడు కుడతాదట?" అని నవ్వుతోంది.

తాయారు నీరసంగా తల తిప్పి బిడ్డ వైపు చూసింది. గుడ్డ కొసను వేళ్ళతో తడిమింది, మళ్ళీ తడిమింది.

"అమ్మా, ఇది నా పరికిణీ కాదేటి? గదంతా ఊడ్సేసినావు గదా, ఇదీ ఎప్పుడో పారేసేవనుకున్నాను."

లక్ష్మణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోబోయింది. అది తడిగా ఉంటే, చేత్తోనే తుడుచుకుంది.

"నానెప్పుడైనా ఏదైనా పారేసేనేటే?" అంది.